మానవ వ్యతిరేక ఆడ కుందేళ్లు, రెండు

సర్క్యులరు ఒక సోమవారం ఉదయం వచ్చింది. అప్పట్లో నేను మా క్యాన్సర్ సంస్థలో ఇన్‌వార్డు గుమాస్తాని. గేటు దాటి ఉత్తరం వచ్చినా, పెట్టె వచ్చినా ముందు నా బల్ల మీదికి రావాలి. నేను రిజిస్టరులో ఎక్కించాకే అది ఎవరికి చేరాలో వాళ్లకి చేరుతుంది. అందువల్ల సర్క్యులరును మొదట చదివిన అదృష్టం నాదే.

“సంస్థలోనికి ప్రవేశించు ప్రతి వస్తువునకును తెలుగు పేరు ఉండవలెను. తెలుగు పేరు లేని వస్తువు సంస్థలో లేనట్లే పరిగణింపబడును.” కింద డైరెక్టర్ పరాంకుశం గారి సంతకం ఉంది. సంతకం మాత్రం ఇంగ్లీషులో ఉంది.

నేను నిజంగానే సంతోషించాను. ఇరవై రెండేళ్లుగా నోరు తిరగని పేర్లు రాసీ రాసీ విసిగిపోయి ఉన్నాను. ఇకనుంచి అమ్మ పిలిచినట్టు వస్తువుల్ని పిలవచ్చు కదా అనుకున్నాను.

ఈ పని కోసం భుజంగరావు గారిని అనువాద అధికారిగా వేశారు. అంతకు ముందు ఆయన భూముల సర్వే శాఖలో ఉండేవారు. ఆయన వెంట రెండు సంపుటాల నిఘంటువూ, ఒక నియమమూ వచ్చాయి. ఏ మాటకైనా అర్థం నిఘంటువునే అడగాలి, మనుషుల్ని అడగకూడదు.

“మనుషుల్ని అడిగితే అనువాదం కలుషితమైపోతుందండీ. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు” అనేవారు.

మొదటి వారంలోనే పని జోరందుకుంది. సూక్ష్మజీవుల్ని పెంచడానికి వాడే కల్చర్ ప్లేట్లు ‘సంస్కృతీ పళ్లెములు’ అయ్యాయి. స్టోర్సు వాళ్లు వాటిని వార్షికోత్సవ కమిటీకి పంపించారు. ఆ ఏడు నాట్యం చేసిన ఆడపిల్లలకి తలా ఒకటి బహూకరించారు. గడ్డ ముక్కల్ని అతికించి చూసే గాజు స్లైడ్లు ‘గాజు జారుడుబల్లలు, ఐదు వందలు’ అయ్యాయి. పిల్లల వార్డు ఆవరణలో అన్ని జారుడుబల్లలకి చోటు చాలదనీ, పైగా గాజువి కనుక పిల్లలకి గాయాలయ్యే ప్రమాదం ఉందనీ ఇంజనీరింగు విభాగం అభ్యంతరం రాసి పంపింది. దాన్ని నమోదు చేసింది నేనే. చాలా సబబుగా ఉంది.

మూడో వారంలో డాక్టర్ ఇందుమతి గారి పెట్టె వచ్చింది.

ఇందుమతి గారు మా ప్యాథాలజిస్టు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కని పల్చగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి ఏం జబ్బో తేల్చడం ఆవిడ పని. ఎప్పుడూ పై అంతస్తు దిగి రాని మనిషి ఆ రోజు పెట్టె కోసం స్వయంగా నా దగ్గరికి వచ్చారు. థర్మోకోల్ పెట్టె తెరిచాం. ఐసు సంచుల మధ్య చిటికెన వేలంత సీసా. దాని అడుగున నాలుగు చుక్కల నీళ్లలాంటిదేదో ఉంది.

“ఇంతేనా అండీ?” అన్నాను.

“ఇంతే. యాంటీబాడీ అంటారు దీన్ని. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో కొందరికి కణాల మీద హెర్-టూ అని ఒక ప్రోటీన్ విపరీతంగా ఉంటుంది. ఎదుగు, ఎదుగు అని కణానికి సంకేతాలు పంపిస్తూ ఉంటుంది. ఈ మందు బొట్టు వేస్తే వెళ్లి దాన్నే పట్టుకుంటుంది. పట్టుకున్న చోట గోధుమరంగు తేలేలా చేస్తాం. రంగు వస్తే ఆ మనిషికి పనిచేసే ఇంజెక్షను వేరే ఉంది. రాకపోతే అది ఇచ్చి లాభం లేదు. పైన ఒకావిడ ముక్క దీని కోసమే ఆగి ఉంది. ఇచ్చేయండి, ఇవాళే చేసేస్తాను.”

ఇవ్వడానికి నాకేం అభ్యంతరం? కానీ దానికి తెలుగు పేరు లేదు. భుజంగరావు గారిని పిలిచాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని సీసా మీది ఇంగ్లీషు చీటీని పైకి చదివారు. “రాబిట్ యాంటీ హ్యూమన్ హెర్ టూ.” తర్వాత నిఘంటువు తెరిచారు. ఇందుమతి గారు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు.

“రాబిట్ అనగా కుందేలు. యాంటీ అనగా వ్యతిరేకము. హ్యూమన్ అనగా మానవ. హెర్ అనగా ఆమె, అంటే స్త్రీ లింగం. టూ అనగా రెండు.” కలం తీసి నా రిజిస్టరులో స్వహస్తాలతో రాశారు: ‘మానవ వ్యతిరేక ఆడ కుందేళ్లు, రెండు.’

“అయ్యో, అది కుందేలు కాదండీ!” అన్నారు ఇందుమతి గారు. “కుందేలు రక్తంలో తయారైన పదార్థం.”

“అయితే కుందేలు ఉన్నట్టే కదా?”

“ఉండేది. తయారుచేసిన కంపెనీ దగ్గర.”

“మరి కంపెనీ పంపలేదన్నమాట. చూశారా, తెలుగులో రాయబట్టే మోసం బయటపడింది” అన్నారు భుజంగరావు గారు తృప్తిగా.

రాసింది చేరిందో లేదో సరిచూడడం స్టోర్సు సూపరింటెండెంటు కోదండపాణి గారి వంతు. ఆయన పెట్టెను బోర్లించారు, ఐసు సంచులు విదిలించారు, థర్మోకోల్‌కి చిల్లులేమైనా ఉన్నాయేమోనని వెలుతురుకి పెట్టి చూశారు. తర్వాత నివేదిక రాశారు. “కుందేళ్లు కానరాలేదు. కోరని సీసా ఒకటి అధికముగా లభ్యమైనది. అధిక వస్తువును ముప్పది దినములు భద్రపరచి పిమ్మట ధ్వంసము చేయవలెను.” సీసాని సీలు చేసి తన గదిలో ఉన్న ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన పెట్టి తాళం వేశారు.

పైన ఎవరి ముక్క ఆగి ఉందో ఆవిడ పేరు వరహాలమ్మ. హార్బరు దగ్గర చేపలు అమ్ముతుంది. యాభై ఏళ్లుంటాయి. విచారణల కిటికీ కూడా నా బల్ల పక్కదే కనుక వారానికి రెండుసార్లు వచ్చి నన్నే అడిగేది.

“బాబూ, నా ముక్క ఏటయినాది?”

“ఇంకా పరీక్ష అవలేదమ్మా. దానికో వస్తువు రావాలి.”

“వచ్చీసినాదని డాట్రమ్మ సెప్పినాదే?”

“వచ్చింది. కానీ లెక్కప్రకారం రాలేదు.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “సేప తట్టలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. వచ్చి రాకపోడం ఏటి బాబూ?”

 రేపు రమ్మన్నాను.

కుందేళ్లు కానరాలేదన్న నివేదిక డైరెక్టర్ గారికి చేరేసరికి, అక్కడ అందరి దృష్టీ ‘మానవ వ్యతిరేక’ అన్న మాట మీద పడింది. అత్యవసర సమావేశం పెట్టారు. మినిట్సు రాయడానికి నన్ను కూర్చోబెట్టారు.

“మానవులకు వ్యతిరేకమైన జీవులు రెండు మన ప్రాంగణంలోనికి ప్రవేశించినట్లు రికార్డు స్పష్టముగా చెబుతోంది. పెట్టెలో లేవంటే అర్థమేమి? పరారీలో ఉన్నవని అర్థం” అన్నారు పరాంకుశం గారు.

“సార్, అసలు కుందేళ్లే లేవు” అన్నారు ఇందుమతి గారు.

“లేవని మీ అభిప్రాయం. ఉన్నవని రిజిస్టరు. వ్యక్తిగత అభిప్రాయములతో సంస్థను నడపలేము డాక్టర్.”

“నేను మైక్రోస్కోపు ముందు కూర్చుని పద్దెనిమిదేళ్లయింది సార్. ఆ సీసా ఏమిటో నాకు తెలుసు.”

“మీ అనుభవమును ఈ సభ కొనియాడుచున్నది” అన్నారాయన. నేను కొనియాడినట్టు రాసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే మానవ వ్యతిరేక జీవుల పర్యవేక్షక ఉపసంఘం ఏర్పడింది. గేటు కాపలావాళ్లకి తోలు చేతి తొడుగులూ, వలలూ ఇచ్చారు. వార్డుల్లో మైకు పెట్టి, రోగులు కుందేళ్లతో సంభాషించరాదనీ, వాటికి క్యారెట్లు చూపి రెచ్చగొట్టరాదనీ గంటకోసారి చెప్పారు. కీమో వార్డులో ఒక ముసలాయన కిటికీలు మూయించేశాడు. ఔట్‌పేషెంటు వరసలో సగంమంది ఇళ్లకి వెళ్లిపోయారు. రద్దీ తగ్గించడంలో సాధించిన ప్రగతిగా దాన్ని నెలవారీ నివేదికలో చూపించారు.

పది రోజులు వెతికినా ఒక్క వెంట్రుక దొరకలేదు. రిజిస్టరులో ఉన్నవి ప్రాంగణంలో లేకపోతే తనిఖీలో తన ఉద్యోగం పోతుందని కోదండపాణి గారికి నిద్ర పట్టడం మానేసింది. పాపం, ఆయన చెడ్డవాడు కాదు. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవబోతున్న మనిషి. చివరికి ఊళ్లో పెంపుడు జంతువులమ్మే దుకాణానికి వెళ్లి రెండు తెల్ల కుందేళ్లని తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

“దొరికాయి” అన్నారు కళ్లు దించుకుని.

ఇక అవి రాసిన లక్షణాలకి సరిపోతాయో లేదో తేలాలి. పశువైద్యుడు డాక్టర్ మస్తాన్ వలీ గారిని పిలిపించారు. ఆయన కుందేళ్లని అటూ ఇటూ తిప్పి చూసి, “ఆడవేనండీ. ఆరోగ్యంగా ఉన్నాయి. ఇందులో ఒకటి కడుపుతో ఉన్నట్టుంది” అన్నారు.

“అది మాకు అప్రస్తుతం. మానవ వ్యతిరేకత ఉన్నదీ లేనిదీ ధ్రువీకరించండి” అన్నారు భుజంగరావు గారు.

మస్తాన్ వలీ గారు నా వైపు చూశారు. నేను రిజిస్టరు వైపు చూశాను. ఆయన తన వేలు ఒక కుందేలు మూతి దగ్గర పెట్టారు. అది వేలు నాకింది.

“సాధు జంతువండీ ఇది. మనుషుల్ని చూస్తే మహా అయితే పారిపోతుంది.”

“పారిపోవుట వ్యతిరేకత కాదు, నిరాసక్తత మాత్రమే. సరుకు నాసిరకం” అన్నారు భుజంగరావు గారు.

కోదండపాణి గారి ముఖం పాలిపోయింది. “చూద్దాం ఉండండి సార్, చూద్దాం” అంటూ రెండో కుందేలుని చెవులు పట్టుకుని పైకెత్తి గాలిలో ఊపారు. పశువైద్యుడు వద్దు వద్దని అరుస్తుండగానే అది మెలి తిరిగి ఆయన చూపుడు వేలు కసిక్కున కొరికింది. రక్తం నా రిజిస్టరు మీద పడింది.

“కరిచింది!” అని గంతేశారు కోదండపాణి గారు. అంత సంతోషంగా ఉన్న మనిషిని ఆ ఆఫీసులో నేను మళ్లీ చూడలేదు. కుడి చేతికి కట్టు కట్టించుకుని ఎడమ చేత్తో సంతకం పెట్టారు: ‘సరుకు సక్రమముగా అందినది.’ ఇంకొకటి కరవలేదు కదా అని భుజంగరావు గారు నసిగారు. నమూనా పరీక్షలో సగం నెగ్గితే చాలునని ఉపసంఘం తీర్మానించింది.

కుందేళ్ల బాధ తీరింది. కానీ సీసా అలాగే ఉంది. ముప్పై రోజుల గడువు శుక్రవారంతో ముగుస్తుంది. శుక్రవారం పదకొండింటికి దాన్ని బాయిలరులో వేసి కాల్చడానికి ఉత్తర్వు తయారైంది.

గురువారం ఉదయం ఇందుమతి గారు కిందికి వచ్చారు. అప్పటికి ఆవిడ రాసిన ఉత్తరాలు నా దగ్గరే పదకొండు నమోదై ఉన్నాయి. ఈసారి కాగితం తేలేదు. భుజంగరావు గారి బల్ల ముందు నిలబడి, “నా మాట కాదు, ఆ రోగి సంగతి ఆలోచించండి. ఇంకా ఆలస్యమైతే గడ్డ చంకలోకి పాకుతుంది. ఒక్క పూట ఆ సీసా ఇవ్వండి చాలు” అన్నారు.  ఆవిడ బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.

“నాకు మాత్రం కఠిన హృదయమా అమ్మా?” అన్నారు భుజంగరావు గారు. ఆ మాట నిజంగానే అన్నారు. “దానికి తెలుగు పేరేది? పేరు లేని వస్తువును ఏమని విడుదల చెయ్యమంటారు? నిఘంటువు నాలుగుసార్లు తిరగేశాను. యాంటీబాడీ అంటే ‘శరీర వ్యతిరేకి’ అని వస్తోంది. అది రాస్తే మళ్లీ ఉపసంఘం పడుతుంది.”

కిటికీ అవతల వరహాలమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. కిటికీ ఊచల్లోంచి ముందుకి వంగి అడిగింది. “డాట్రమ్మా, ఆ సీసా నా ముక్క మీద ఏసితే ఏటి సేస్తాది?”

“నీ జబ్బు లోపల ఒకటి దాక్కుని ఉందా లేదా అని వెతుకుతుందమ్మా. ఉంటే దాన్ని పట్టుకుని, ఇదుగో ఇక్కడుంది అని రంగు చూపిస్తుంది.”

“అంటే జాడ తీస్తాదన్నమాట.”

“ఆఁ, అంతే.”

“మరయితే జాడమందు అనీండి. దానికింత యవ్వారమేటి? మా వోళ్లు ఏ సేప ఎటేపు పోతందో జాడ తీసినప్పుడు నిగంటువు సూత్తారా?”

భుజంగరావు గారు కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. జాడమందు, జాడమందు అని రెండుసార్లు పెదవులు కదిపారు. ఆయన ముఖం చూస్తే, నోట్లో వేసుకున్న మిఠాయి ఇంత బాగుంటుందని అనుకోనివాడిలా ఉంది. తర్వాత నిఘంటువు తెరిచారు. ఆ మాట అందులో లేదు. ఇక అయిపోయిందనుకున్నాను.

“మనుషుల్ని అడగకూడదని కదా నియమం?” అన్నారు నెమ్మదిగా. “నేను అడగలేదు. ఆవిడే చెప్పింది. మీరు సాక్షి.”

నేను సాక్షినని రాసి సంతకం పెట్టాను. సీసాకి పేరు వచ్చింది. కానీ కోదండపాణి గారు కట్టు కట్టిన వేలు ఎత్తి చూపించారు.

“పేరు సరేనండీ. సొంతదారు ఎవరు? ఆర్డరులో ఉన్నవి కుందేళ్లు. వాటితోపాటు వచ్చిన మందు వాటికే చెందుతుంది. అవి ఎవరి స్వాధీనంలో ఉంటే మందు వాళ్లది. ప్రస్తుతం వాటిని ఎవరూ తీసుకోవడం లేదు.”

“నేను తీసుకుంటాను” అన్నారు ఇందుమతి గారు, ఆయన మాట పూర్తికాకముందే.

“ఆలోచించుకోండి మేడమ్. కరుస్తాయి.”

“కరవనీండి.”

ఉపసంఘం ఆవిడ చేత మూడు ప్రతుల్లో సంతకాలు తీసుకుంది. ప్రాణాపాయం సంభవిస్తే సంస్థ బాధ్యత వహించదని ఒక కాగితం, కుందేళ్లను తనకు అనుకూలంగా మార్చుకుని వాటి గుణాన్ని చెడగొట్టనని ఇంకొక కాగితం. ఆవిడ ఒక చేత్తో బోనూ, ఒక చేత్తో సీసా పట్టుకుని మెట్లెక్కారు. సెక్యూరిటీవాడు తల మీద హెల్మెట్ పెట్టబోతే వద్దన్నారు.

ఆ సాయంత్రానికి వరహాలమ్మ ముక్క మీద గోధుమరంగు తేలింది. కణాల చుట్టూ గీత గీసినట్టు, తేనెపట్టులా వచ్చిందట. ఇందుమతి గారు కిందికి వచ్చి ఆవిడతో చెబుతుంటే నేను విన్నాను.

“రంగొచ్చిందమ్మా.”

“మంచిదేటి, సెడ్డదేటి?”

“రెండూను. నీ జబ్బు మొండిది. కానీ దాని పొగరు అణిచే ఇంజెక్షను ఉంది. సోమవారం నుంచి మొదలుపెడతారు.”

వరహాలమ్మ చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, “నెల్లాళ్లు లేటు సేసినారు బాబూ మీరు” అంది నాతో. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

సంస్థ మాత్రం ఆ ఏడాది చాలా పైకి వచ్చింది. కడుపుతో ఉన్న కుందేలు ఆరు పిల్లల్ని పెట్టింది. రిజిస్టరులో రెండు కాస్తా ఎనిమిది అయ్యాయి. మానవ వ్యతిరేక కుందేళ్లను స్వదేశంలోనే ఉత్పత్తి చేసిన తొలి సంస్థ మనదేనని పరాంకుశం గారు సభలో ప్రకటించి, శాలువా కప్పించుకున్నారు. పిల్లల వార్డులోని వాళ్లు ఇందుమతి గారి గది బయట నిలబడి వాటికి కొత్తిమీర తినిపించేవారు. అది గుణం చెడగొట్టడం కిందికి వస్తుందని ఆవిడకి రెండు మెమోలు వెళ్లాయి.

సీసాలో మందు ఉన్నన్నాళ్లూ ఆవిడ ఆపకుండా పరీక్షలు చేశారు. చుక్కని బాగా పల్చన చేసి వాడుకుంటూ ఎనభై మందికి పైగా ఆడవాళ్ల ముక్కలు చూశారు. అయిపోవస్తుండగా, కంపెనీ చీటీలోని పేరుతోనే ఇంకొక సీసాకి ఇండెంటు పెట్టారు. మూడు వారాలకి అది తిరిగొచ్చింది. “సంస్థ వద్ద ఇప్పటికే ఎనిమిది కలవు. అవి వినియోగింపబడిన పిమ్మట మాత్రమే క్రొత్తవి కోరవలెను.”

ఆ కాగితం వచ్చిన రోజే వరహాలమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. అప్పటికి ఆవిడకి ఏడు ఇంజెక్షన్లు పడ్డాయి. తల మీద వెంట్రుకలు మళ్లీ పొట్టిగా మొలుస్తున్నాయి. పక్కన ఇంకో ఆవిడని నిలబెట్టింది. “మా పక్క తట్టది, ఎర్రమ్మ. దీనికీ గెడ్డే. ముక్క తీసినారు. ఆ జాడమందు ఏసి సూడమను బాబూ డాట్రమ్మని.”

ఎర్రమ్మ నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తోంది. చేతిలో చీటీ నలిగిపోయి ఉంది.

ఇందుమతి గారికి ఫోను చేసి చెప్పాను. ఆవిడ వేరే ఊరి ఆసుపత్రిలో ఉన్న స్నేహితురాలిని అడిగారట. నాలుగు రోజుల తర్వాత, పొద్దున్నే చిన్న పెట్టె ఒకటి వచ్చింది. తెరిచాను. ఐసు మధ్య సీసా, దాని మీద అదే చీటీ. భుజంగరావు గారు ఇంకా రాలేదు. కోదండపాణి గారి గది తలుపు తీసే ఉంది.

నేను కలం మూత తీశాను. రిజిస్టరులో తేదీ వేశాను. తర్వాత కలం మూత పెట్టేసి, సీసాని చొక్కా జేబులో వేసుకుని మెట్లెక్కాను. జేబు చల్లగా గుండెకి తగులుతోంది. ఇందుమతి గారు దాన్ని నా చేతిలోంచి తీసుకుని, ఏదో అడగబోయి, అడక్కుండా లోపలికి వెళ్లిపోయారు.

సాయంత్రం నాలుగింటికి మళ్లీ పైకి వెళ్లాను. వరహాలమ్మా, ఎర్రమ్మా గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు. నేనూ కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తీసుకుని ఇందుమతి గారు వచ్చారు.

“రంగు రాలేదు. ఆ రకం కాదమ్మా నీది. ఆ ఇంజెక్షను నీకు అక్కర్లేదు, వేరే మందులున్నాయి. రేపటినుంచే ఇస్తారు.”

ఎర్రమ్మకి సగమే అర్థమైనట్టుంది. వరహాలమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని లేపింది. “రేపంటే రేపే. నీకు నెల్లాళ్లు ఆగక్కర్లేదు. నడు, బస్సు పోతాది.”

కిందికి దిగేసరికి నా బల్ల మీద మెమో ఉంది. యాభై నిమిషాలు సీటులో ఎందుకు లేనో సంజాయిషీ ఇవ్వమన్నారు. పై అంతస్తులో పని ఉండి వెళ్లానని రాసి పంపాను. ఏం పని అని ఎవరూ అడగలేదు.